ఐర్లాండ్ తటస్థత: ట్రిపుల్ లాక్ మీద మీ మాటేంటి?

కార్క్ కాకినాడ: ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. పోయినేడే సిటిజన్‌షిప్ వచ్చింది. ఓట్లడగడానికి వచ్చినాయన ట్రిపుల్ లాక్ మీద నా అభిప్రాయం అడిగితే నీళ్లు నమిలాను. పన్నెండుమందికి మించి సైనికుల్ని బయటి మిషన్‌కి పంపాలంటే ప్రభుత్వం, పార్లమెంటు, ఐక్యరాజ్యసమితి మూడూ సరేననాలి. ఆ మూడో తాళం తీసేయాలని ప్రభుత్వం చూస్తోంది. మంచిదేనా?

బ్రే రాము: డబ్లిన్ దగ్గర బ్రే హెడ్ కొండ మీద తెల్లరాళ్లతో 'ఏర 8' (ఏర అంటే ఐరిష్‌లో ఐర్లాండ్, 8 ఆ గుర్తు నంబరు) అని పేర్చి ఉంటుంది, డ్రోన్‌లో చూశాం. రెండో ప్రపంచయుద్ధంలో ఇది తటస్థ దేశమని పైలట్లకి చెప్పడానికి పెట్టారు. పొదలు కప్పేస్తే 2018 కార్చిచ్చులో మళ్లీ బయటపడింది. ఆ రాళ్లు ఎవర్ని ఆపాయి? 1941 మే 31న డబ్లిన్ నార్త్ స్ట్రాండ్ మీద జర్మన్ బాంబులు పడి 28 మంది పోయారు.

లిమరిక్ లక్ష్మి: తటస్థత అంటున్నారు గానీ, షానన్ ఎయిర్‌పోర్ట్‌లో నైట్ షిఫ్ట్ చేసినప్పుడు దారిలో ఆగిన ఇసుకరంగు యూనిఫాంల అమెరికా సైనిక కుర్రాళ్లు చాక్లెట్ల కౌంటర్ దగ్గర బారులు తీరేవారు. అదేం తటస్థత అండీ?

గాల్వే శీను: రాము అన్నా, 2022 జనవరిలో రష్యా నేవీ ఐర్లాండ్ నైరుతి తీరానికి 240 కిలోమీటర్ల దూరంలో విన్యాసాలంటే, కార్క్ జాలర్లు మా వేట మానం అన్నారు. రష్యా పక్కకి జరిగింది! నవ్వొస్తుంది గానీ, ప్రతిసారీ జాలర్లే దిక్కా? ఫైటర్ జెట్ ఒక్కటి లేదు. నడిపేవాళ్లు లేక కొన్ని నౌకలు రేవులోనే కట్టేసి ఉన్నాయి. అట్లాంటిక్ అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుళ్లేమో ఈ పక్కనుంచే పోతాయి.

లిమరిక్ లక్ష్మి: నౌకలకి మనుషుల్ని పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? దానికి ఐరాస తాళంతో పనేంటి? రెండూ ఒకే మూటలో కట్టి అమ్ముతున్నారు.

గాల్వే శీను: పనుంది లక్ష్మి గారూ. మాసిడోనియా తైవాన్‌ని గుర్తించిందని 1999లో అక్కడి ఐరాస దళం కొనసాగకుండా చైనా వీటో చేసింది. 2003లో యూరప్ దళం అక్కడికెళ్తే, ఐరాస ముద్ర లేదని ఐర్లాండ్ ఆగిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద.

లిమరిక్ లక్ష్మి: సరే, ఆ ఒక్కటీ ఒప్పుకుంటా. షానన్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కార్క్ కాకినాడ: యూరప్ ఉమ్మడి రక్షణలో చేరాలంటే రిఫరెండం కావాలి, 2002లోనే రాజ్యాంగంలో పెట్టారు. ఈ తాళానికి మాత్రం చట్టం మారిస్తే చాలట, మన ఓటు అక్కర్లేదు. ఆయన మళ్లీ తలుపు కొడితే ముందు నౌకల సిబ్బంది గురించి అడుగుతా.