ఆల్బినో జంటకు గోధుమ రంగు పిల్లలు: అంటగట్టారా, అలాగే పుడతాయా?

కొత్తతొట్టి:
పాచి తినే ప్లెకో చేపల్లో బ్రిసిల్‌నోస్ రకం, అందులోనూ ఆల్బినో, అంటే ఒంట్లో, కంట్లో నలుపే లేని జంట అని చెబితే తెచ్చుకున్నాను. గుహలో గుడ్లు పడ్డాయి. మగది తోకతో, రెక్కలతో నీళ్లు విసురుతూ గుమ్మం కదలకుండా కాపలా కాసింది. పిల్లలు బయటపడ్డాక, పొట్ట కింద సొన సంచి ఇంకా వేలాడుతుండగానే, ప్రతిదానికీ రెండు నల్ల చుక్కల్లా కళ్లు కనిపించాయి. ఇప్పుడు ఒళ్లంతా గోధుమ రంగు. ఒక్కటంటే ఒక్కటి తెల్లది లేదు. తొట్టిలో వేరే ప్లెకో ఏదీ లేదు. రెండు ఆల్బినోలకు ఆల్బినోలే పుట్టాలి కదా? నాకు అంటగట్టింది ఏమిటి?

తెల్లఇసుక:
అడుగున ఏం వేశారు? నల్ల ఇసుకైతే చేపలు ముదురు రంగుకు మారతాయి. నా బ్రాంజ్ కోరీలు (కోరిడోరస్ చేపలు) తెల్ల ఇసుకలోకి మార్చగానే పాలిపోయాయి.

పాతఫిల్టర్:
అమ్మేవాళ్లంతా ఇంతే. నాకు ఒకప్పుడు నీలం కోరిడోరస్ అని ఇచ్చారు. తీరా చూస్తే ఆల్బినో కోరీలకు సూదితో రంగు ఎక్కించారు. రంగు మెల్లగా వెలిసిపోయింది, చేపలూ మిగల్లేదు.

బ్రిసిల్‌బాబాయ్:
ఇసుక, సూది పక్కన పెట్టండి. @కొత్తతొట్టి, పెద్ద చేపల కళ్లు ఏ రంగు? ఫ్లాష్ వేసి ఫొటో తీయొద్దు, ఏ కన్నైనా ఎర్రగానే పడుతుంది. పక్క నుంచి మామూలు వెలుతురులో చూసి చెప్పండి.

కొత్తతొట్టి:
ఆడదానివి ఎర్రగా ఉన్నాయి. మగదానివి నల్లగా, దగ్గరకెళ్లి చూస్తే కాస్త నీలంగా. ఒంటి రంగు కూడా ఆడది గులాబీ కలిసిన తెలుపు, మగది నిమ్మపండు పసుపు. మీసాలున్నది మగది కాబట్టి ఆ తేడా అనుకున్నాను.

బ్రిసిల్‌బాబాయ్:
అదీ సంగతి. మీ ఆడది అసలైన ఆల్బినో. మగది ఎల్144 పేరుతో తిరిగే పసుపు రకం, దానికి ఒంట్లో నలుపు లేదు గానీ కంట్లో ఉంది. నల్ల రంగు తయారై చర్మంలో కుదురుకోవాలంటే చాలా జన్యువులు సరిగ్గా పనిచేయాలి. ఏ ఒక్కటి చెడినా చేప తెల్లబడొచ్చు. ఈ రెండింటిలో చెడినవి వేర్వేరు జన్యువులు, రెండూ అంతర్గత లక్షణాలే, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన ప్రతే వస్తేనే పైకి కనిపిస్తాయి. ఆడదానిలో చెడినదానికి మగది మంచి ప్రతి ఇస్తుంది, మగదానిలో చెడినదానికి ఆడది ఇస్తుంది. అందుకే పిల్లలన్నీ గోధుమ రంగు. ఆ పిల్లలను వాటిలో వాటికే జతకడితే, రెండు జన్యువులూ దేనికది విడిగా సంక్రమిస్తే, లెక్క ప్రకారం 16లో 9 గోధుమవి, 7 లేత రంగువి రావాలి.

తెల్లఇసుక:
మరి నా కోరీలు ఎందుకు పాలిపోయాయి? వాటి జన్యువులు ఇసుక మార్చిన రోజే చెడ్డాయా?

బ్రిసిల్‌బాబాయ్:
మీరు చెప్పేది అబద్ధమని ఎవరన్నారు? చర్మ కణాల్లో మెలనిన్ అనే నల్ల రంగు రేణువులు పరుచుకుంటే చేప నల్లబడుతుంది, మధ్యకు ముడుచుకుంటే పాలిపోతుంది. దానికి గంటలు కూడా పట్టదు. రాత్రి లైటు వేసి చూడండి, అదే చేప ఇంకో రంగులో ఉంటుంది. కానీ మెలనినే లేని చేపలో ముడుచుకోవడానికి ఏముంది? ఎర్ర కన్ను ఏ ఇసుకలోనూ నల్లబడదు.

తెల్లఇసుక:
ఆయన ఇసుక రంగు ఇంకా చెప్పలేదు.

నదిచేప:
అసలు రెండు వేర్వేరు రకాలను కలిపి జంట అని ఇచ్చినవాణ్ణి వదిలేసి ఇసుక మీద కొట్టుకుంటున్నారు. మన తొట్లలో తిరిగే మామూలు బ్రిసిల్‌నోస్ కచ్చితంగా ఏ జాతో తేలనేలేదు, సిర్రోసస్ అని రాసేది అలవాటుకొద్దీ. దానిమీద ఆల్బినో, పసుపు, పొడుగు రెక్కలు, మచ్చల రకం. ఇన్ని కలిపాక ఇంకా దానికి జాతి అని పేరెందుకు?

బ్రిసిల్‌బాబాయ్:
మీకు రంగు చేపలంటేనే పడదని ఇక్కడ అందరికీ తెలుసు. ఎర్ర కన్ను ఉన్నంత మాత్రాన అది చేప కాకుండా పోతుందా? తింటుంది, గుడ్లు పెడుతుంది, పిల్లల్ని కాస్తుంది. గుడ్డిదని, బలహీనమని అంటారు. ఎండ కొట్టే వాగులో అయితే కష్టమేమో, తొట్టిలో నీడ ఇస్తే చాలు. నా దగ్గర తరాలు నడిచాయి.

నదిచేప:
మీ దగ్గర నడిచాయి, మాకు తగలబెట్టాయి.

పాతఫిల్టర్:
అబ్బో, మొదలు.

బ్రిసిల్‌బాబాయ్:
తగలబెట్టడం ఏమిటి? నేను మీకు ఒక్క చేప కూడా ఇవ్వలేదు. మాట జాగ్రత్త.

నదిచేప:
మిమ్మల్ని అనలేదు, మీలాంటి వాళ్లను అంటున్నాను. ఏ నదిలో పట్టారో తెలిసిన బ్రిసిల్‌నోస్‌ల నుంచి ఒక వరుస పెంచుకుంటూ వచ్చాను. కొత్త రక్తం కావాలని ఒకాయన దగ్గర అదే నదివని చెప్పిన గోధుమ మగదాన్ని తీసుకున్నాను. చూడ్డానికి ఏ తేడా లేదు. పిల్లలన్నీ గోధుమ రంగే, సంబరపడ్డాను. ఆ పిల్లలకు పిల్లలు పుట్టినప్పుడు, గుహలో టార్చి వేస్తే ఎర్ర కళ్లు మెరిశాయి. అప్పటికి ఆ మగది మొత్తం వరుసలోకి దిగిపోయింది. ఎవరి ఆల్బినోకో పుట్టిన గోధుమ పిల్ల అది. అతను "గోధుమదే కదా ఇచ్చాను" అన్నాడు.

బ్రిసిల్‌బాబాయ్:
అది ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయితే మీ గొడవ రంగుతో కాదు, గోధుమ పిల్లలతో.

నదిచేప:
అవును. తెల్లదాన్ని ఎవరైనా గుర్తుపడతారు. లోపల రెండు జన్యువులు మోస్తూ పైకి అడవి చేపలా కనిపించేదాన్ని ఎవరు గుర్తుపడతారు? జీబ్రా ప్లెకో చూడండి. బ్రెజిల్‌లో షింగూ నది పెద్ద మలుపు దగ్గర తప్ప ఇంకెక్కడా పుట్టదు, ఆ మలుపు మీదే బెలో మోంటే ఆనకట్ట కట్టారు. రేపు నదిలో లేకుండా పోతే తొట్లలో ఉన్నదే మిగులుతుంది. అప్పుడు తొట్టిలో ఏది కలిసిందో ఎవరు చెప్పాలి?

బ్రిసిల్‌బాబాయ్:
జీబ్రా వేరు, ఇది వేరు. బ్రిసిల్‌నోస్‌ను ఎవరూ నది ఒడ్డుకు తీసుకెళ్లి వదలబోవడం లేదు, వదలకూడదు కూడా. నేను ఇచ్చే ప్రతి గోధుమ పిల్లకూ "ఆల్బినో జన్యువు ఉంది" అని రాసి ఇస్తాను.

నదిచేప:
మీ చేతి నుంచి వెళ్లేవరకే ఆ కాగితం. మూడో చేతికి చేప వెళ్తుంది, కాగితం వెళ్లదు. ఇలాంటివి ఎవరికీ ఇవ్వకపోవడమే దారి.

బ్రిసిల్‌బాబాయ్:
ఇవ్వకుండా ఏం చేయాలి, చంపాలా? ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని రంగు కోసం చంపమంటున్నది ఇప్పుడు మీరే.

నదిచేప:
చంపమనలేదు. పుట్టించవద్దన్నాను.

కొత్తతొట్టి:
సార్, నావి ఇప్పటికే పుట్టేశాయి. తొట్టి అద్దమంతా అవే. ఎవరికైనా ఇస్తే ఏమని చెప్పి ఇవ్వాలి?

బ్రిసిల్‌బాబాయ్:
ఉన్నది ఉన్నట్టు చెప్పండి: తల్లి ఆల్బినో, తండ్రి పసుపు రకం, పిల్లలు రెండూ మోస్తున్నాయి. జంట అని మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

తెల్లఇసుక:
ఇసుక నల్లదే అని నాకు ముందే అనుమానం.

మౌనమీనం:
నాకో నాలుగు ఇవ్వండి. పాచి తింటే చాలు, నేను బ్రీడింగ్ చేయను.

నదిచేప:
నాలుగూ ఒకే తొట్టిలో వేస్తే మీరు చేయక్కర్లేదు, అవే చేసుకుంటాయి.