బైసన్ వాడాలా, పార్సర్ చేత్తో రాసుకోవాలా?

సూత్రధారి:
జీతాల లెక్కల కోసం చిన్న సూత్రాల భాష ఒకటి తయారు చేస్తున్నాను. రాసిన సూత్రాన్ని చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామ్, అంటే పార్సర్, కావాలి. భాష నియమాలు, అంటే గ్రామర్, ఇంతే:

లెక్క : లెక్క '+' లెక్క | లెక్క '-' లెక్క | సంఖ్య

గ్రామర్ నుంచి పార్సర్‌ని తయారు చేసే జనరేటర్ బైసన్‌కి ఇస్తే 4 షిఫ్ట్/రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్‌లు అని హెచ్చరిక వచ్చింది, పార్సర్ మాత్రం తయారైంది. టెస్టులన్నీ పాసవుతున్నాయి. మా టీమ్ లీడ్ "ఈ రోజుల్లో జనరేటర్ ఎవరు వాడుతున్నారు, చేత్తో రాసెయ్" అంటున్నారు. మీరేమంటారు?

చేతిరాత:
మీ లీడ్ చెప్పింది నిజం. జీసీసీ కంపైలర్ తన సీ++ పార్సర్‌ని 3.4 వెర్షన్‌లో, అంటే 2004లో, చేత్తో రాసినదానికి మార్చింది. 4.1లో సీ పార్సర్‌ కూడా అదే దారి పట్టింది. క్లాంగ్ కంపైలర్‌ది మొదటినుంచీ చేతిరాతే. గో కంపైలర్ 2016లో 1.6 వెర్షన్‌తో యాక్ అనే పాత జనరేటర్‌ని వదిలేసింది. రూబీ 3.4 కూడా చేత్తో రాసిన ప్రిజం పార్సర్‌కి వచ్చింది. వీళ్లందరికీ జనరేటర్ వాడటం చేతకాకనా?

పాత యాక్:
వాళ్ల కష్టాలు వేరండీ. సీలో "అ * ఆ;" అని ఉంటే అది గుణకారమా, పాయింటర్ డిక్లరేషనా? 'అ' అనేది టైప్ పేరా కాదా తెలిస్తేగానీ చెప్పలేం. గ్రామర్ ఒక్కటే చూసి తేల్చలేని భాష అది. సూత్రధారి గారి భాషలో ఆ గొడవే లేదు. పోస్ట్‌గ్రెస్, పీహెచ్‌పీ ఇప్పటికీ బైసన్ మీదే నడుస్తున్నాయి, ఎస్‌క్యూలైట్‌కి లెమన్ అనే సొంత జనరేటర్ ఉంది.

అన్నట్టు సూత్రధారి గారూ, 50000 - 6000 - 2000 (జీతం, పీఎఫ్, పన్ను) ఇచ్చి చూశారా?

సూత్రధారి:
ఇప్పుడే చూశాను. 46000 వస్తోంది! 42000 రావాలి కదా. టెస్టుల్లో ఒక్క మైనస్ ఉన్న సూత్రాలే ఉన్నాయి.

కుతూహలం:
నేను స్టూడెంట్‌ని. గ్రామర్ ఇస్తే పార్సర్ ఎలా వస్తుందో ఎవరైనా చెప్తారా సర్? ఆ 4 ఎక్కడిదో కూడా అర్థం కాలేదు.

పాత యాక్:
ఒక నియమంలో ఎంతవరకు చదివామో గుర్తు పెట్టుకోవడానికి జనరేటర్ అందులో ఒక చుక్క పెడుతుంది. "లెక్క : లెక్క • '-' లెక్క" అంటే ఎడమవైపు లెక్క అయిపోయింది, ఇక మైనస్ రావాలి అని. చుక్క తర్వాత 'లెక్క' ఉంటే, లెక్క తాలూకు నియమాలన్నీ చుక్క మొదట్లో పెట్టుకుని అదే గుంపులో చేరతాయి. ఆ గుంపే ఒక స్టేట్. చుక్కని ఒక గుర్తు దాటిస్తే ఇంకో స్టేట్. కొత్త స్టేట్‌లు పుట్టడం ఆగేదాకా ఇదే పని.

చివరికి మిగిలేది ఒక పట్టిక. ఈ స్టేట్‌లో ఉండగా ఈ టోకెన్ (సంఖ్య, '+' లాంటి ఒక ముక్క) కనిపిస్తే షిఫ్ట్ చెయ్, అంటే స్టాక్ (చదివినవి పేర్చుకునే దొంతర) మీదకి ఎక్కించు. లేదా రెడ్యూస్ చెయ్, అంటే స్టాక్ మీదున్న "లెక్క - లెక్క"ని తీసేసి ఒక్క "లెక్క" పెట్టు, దానికి మీరు రాసిన కోడ్ నడుపు. బైసన్ ఇచ్చే సీ ఫైల్‌లో ఆ లూప్ ఏ భాషకైనా దాదాపు ఒకటే. మారేవి పట్టికలు, మీ కోడ్. ఈ పట్టిక పద్ధతిని ఎల్‌ఆర్ అంటారు, 1965లో డొనాల్డ్ నూత్ చెప్పాడు. 1969లో డిరెమర్ ఎల్‌ఏఎల్‌ఆర్ అనే రకంతో పట్టికని చిన్నది చేశాకే ఇది మామూలు కంప్యూటర్లలో పట్టింది.

ఇక ఆ 4 సంగతి. "లెక్క - లెక్క" చదివాక మళ్లీ మైనస్ కనిపించిందనుకోండి. రెడ్యూస్ చెయ్యొచ్చు, షిఫ్టూ చెయ్యొచ్చు. ఒక్క గడిలో రెండు ఆజ్ఞలు. ప్లస్ తర్వాతి స్టేట్ ఒకటి, మైనస్ తర్వాతిది ఒకటి, ఒక్కోదానిలో రెండేసి టోకెన్లు, మొత్తం 4. ఎటూ చెప్పకపోతే బైసన్ షిఫ్ట్ చేస్తుంది. అందుకే 50000 - (6000 - 2000) అయింది, పీఎఫ్‌లోంచి పన్ను తీసేసింది.

%లెఫ్ట్ '+' '-' అని ఒక్క లైన్ పెట్టండి. నియమంలోని చివరి టోకెన్ ప్రాధాన్యాన్నీ, ఎదురుగా ఉన్న టోకెన్ ప్రాధాన్యాన్నీ పోల్చి, రెండూ సమానమైతే రెడ్యూస్ చేస్తుంది.

చేతిరాత:
ఒక్క ఫంక్షన్, అందులో ఒక వైల్ లూప్ రాస్తే పోయేదానికి ఇంత పురాణమా? డీబగ్గర్ పెడితే నా కోడ్‌లోనే అడుగులేస్తుంది. మీ పట్టికలో 37వ స్టేట్ అంటే ఏం అర్థమవుతుంది బ్రదర్?

పాత యాక్:
వైల్ లూప్ రాస్తే సరే. రాయకుండా "పదం, తర్వాత మైనస్ ఉంటే మళ్లీ అదే ఫంక్షన్‌ని పిలువు" అని రాసేవాళ్లే ఎక్కువ. అప్పుడూ 46000 వస్తుంది, కాకపోతే ఒక్క హెచ్చరికా ఉండదు. నా వాదన అంతా ఇక్కడే. జనరేటర్ వల్ల టైపింగ్ తగ్గడం నాకు పెద్ద లాభం కాదు. నా గ్రామర్‌కి రెండు అర్థాలు వచ్చే అవకాశం ఉందని ముందే చెప్తుంది చూడండి, దానికోసం వాడతాను.

వరంగల్ కోడర్:
అన్నా, పెగ్ అనే ఇంకో రకం గ్రామర్ సంగతి మరిచారు. పైథాన్ 3.9 నుంచి దాని పార్సర్ పెగ్ గ్రామర్‌ నుంచే జనరేట్ అవుతుంది, అంతకుముందు ఎల్‌ఎల్(1), అంటే ఒక్క టోకెన్ ముందుకు చూసి దారి ఎంచుకునేది, ఉండె. కాన్‌ఫ్లిక్ట్ అన్న మాటే రాదు.

పాత యాక్:
రాదు, ఎందుకంటే ముందు రాసిన దారి కుదిరితే రెండోది చూడదు. '<' ముందు, '<=' తర్వాత రాస్తే రెండోదాని వంతు ఎప్పటికీ రాదు. అది కూడా ఎవరూ చెప్పరు తమ్ముడూ.

చేతిరాత:
కాన్‌ఫ్లిక్ట్ విషయం ఒప్పుకుంటా. మరి ఎర్రర్ మెసేజ్‌లు? ఆ సూత్రాలు రాసేది అకౌంట్స్ వాళ్లు. వాళ్లకి "సింటాక్స్ ఎర్రర్" అని చూపిస్తే ఫోన్ మోగుతూనే ఉంటుంది. చేతిరాతలో నేను ఎక్కడున్నానో నాకు తెలుసు, "మైనస్ తర్వాత అంకె రాయండి" అని తెలుగులో చెప్పగలను.

సూత్రధారి:
%లెఫ్ట్ పెట్టాక 42000 వచ్చింది, హెచ్చరికలు పోయాయి. కానీ మెసేజ్ విషయంలో చేతిరాత గారి మాటే నాకూ టెన్షన్.

పాత యాక్:
బైసన్ 3.6 నుంచి పార్స్ ఎర్రర్‌ని కస్టమ్ అని పెట్టుకోవచ్చు. ఏ టోకెన్ వచ్చింది, ఏవి రావచ్చు అన్న జాబితా మీ ఫంక్షన్‌కి అందుతుంది, వాక్యం మీరు తెలుగులో రాసుకోవచ్చు. చేతిరాత అంత వివరంగా రాదు, అది నిజమే. బ్రాకెట్ మూయకపోతే ఏ బ్రాకెట్టో చెప్పడానికి కొంచెం శ్రమపడాలి.

చేతిరాత:
సరిగ్గా అక్కడే అకౌంట్స్ వాళ్లు తప్పు చేసేది. సూత్రధారి గారూ, బ్రాకెట్లు చేర్చాక గ్రామర్ మళ్లీ ఇక్కడ పెట్టండి. నేను చేత్తో రాసిచ్చేస్తా, రెండూ పక్కపక్కన పెట్టి అదే తప్పు సూత్రాలు ఇచ్చి చూడండి.