టోర్నమెంట్ కోసం పదిహేనేళ్ల పిల్లకి బరువు తగ్గించాలా?

డోజాంగ్ బయట అమ్మ
నమస్కారం అండి. మా అమ్మాయికి 15 ఏళ్లు, డోజాంగ్‌లో, అంటే శిక్షణ హాల్లో, టైక్వాండో నేర్చుకుంటోంది. బరువు 51.5 కిలోలు. 52 లోపు విభాగానికి సరిపోతుంది. కానీ వాళ్ల మాస్టర్ 49 లోపు దిగితే పతకం ఖాయం అంటున్నారు. ఇంకా 12 రోజులే టైముంది. రాత్రి అన్నం మానేయమన్నారు, ఆఖరి రెండు రోజులు నీళ్లు కూడా తగ్గించమన్నారు. ఈ వయసులో ఇలా చేయించొచ్చా?

రౌండ్‌హౌస్
నేనూ పిల్లలకి నేర్పించేవాడినే. కంగారు పడకండి. రెండున్నర కిలోలు పెద్ద లెక్క కాదు. రాత్రి అన్నం, రొట్టె, తీపి ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో కిలోన్నర దిగుతుంది. మిగతాది చెమటతో పోతుంది. పోటీల్లో ఉన్నవాళ్లందరూ చేసేదే ఇది.

పళ్లెం లెక్క
పోషకాహారం నా వృత్తి. మూడు రోజుల్లో దిగే ఆ కిలోన్నర కొవ్వు కాదండి. కండరాల్లో గ్లైకోజెన్ అని నిల్వ ఇంధనం ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌ని పట్టుకుని సుమారు మూడు గ్రాముల నీళ్లుంటాయి. పిండిపదార్థాలు ఆపగానే ఆ ఇంధనం, దాంతోపాటు నీళ్లు పోతాయి. కాటా ముల్లు దిగుతుంది, మూడో రౌండ్‌లో తన్నడానికి కావలసిన బలమూ దిగుతుంది. పైగా రెండున్నర కిలోలంటే ఆ పిల్ల బరువులో దాదాపు 5 శాతం. 2 శాతం నీళ్లు తగ్గితేనే ఆట దెబ్బతినడం మొదలవుతుంది.

రౌండ్‌హౌస్
కొవ్వో నీళ్లో, దిగిందా లేదా? కాటా మీద కిలోన్నర కిలోన్నరే. బరువు చూశాక తిని, తాగితే అంతా వెనక్కి వస్తుంది.

పళ్లెం లెక్క
కొన్ని గంటల్లో అంతా రాదు. ఖాళీ అయిన గ్లైకోజెన్ పూర్తిగా నిండాలంటే బాగా తిన్నా దాదాపు ఒక రోజు పడుతుంది.

బ్లాక్‌బెల్ట్ బాబాయ్
ప్రోటీన్ పౌడర్ పట్టిస్తే సరిపోదా? మా వాడికి అదే ఇస్తున్నా.

పళ్లెం లెక్క
పౌడర్ అవసరం లేదండి. ఆటలాడే పిల్లలకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ చాలు. ఈ అమ్మాయికి 62 నుంచి 103 గ్రాములు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో 8. పప్పులు, చేపలు, మాంసం, పెరుగు, ఏది తినే ఇల్లైనా మూడు పూటలకీ పంచితే అందిపోతుంది. పిల్లల్లో ఎక్కువగా తగ్గేది ప్రోటీన్ కాదు, మొత్తం తిండే. క్లాసుకి మూడు గంటల ముందు కడుపునిండా భోజనం, గంట ముందు ఒక అరటిపండు, ఇంటికొచ్చాక మళ్లీ అన్నమో రొట్టో, దాంతో ప్రోటీన్. ఎనర్జీ డ్రింకులు మాత్రం ఇవ్వకండి.

రౌండ్‌హౌస్
అరటిపండ్ల దగ్గరికి వెళ్లిపోయారు. అడిగింది 49 గురించి.

పళ్లెం లెక్క
సరే, 49 గురించే చెప్తా. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు బరువు తగ్గించుకుంటూ కొన్ని వారాల తేడాతో చనిపోయారు. గాలాడని సూట్లు వేసుకుని, వేడిలో వ్యాయామం చేస్తూ. ఆ తర్వాతే అక్కడ కాలేజీ కుస్తీలో రబ్బరు సూట్లు, చెమట పట్టించే వేడి గది (సానా) నిషేధించారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ సంగతి అందరికీ తెలుసు. రాత్రంతా కష్టపడ్డా 100 గ్రాములు ఎక్కువై ఫైనల్ పోయింది. డాక్టర్లు, నిపుణులు పక్కనున్న పెద్ద క్రీడాకారిణికే అలా జరిగితే, ఎదిగే పిల్లతో ఎందుకు?

రౌండ్‌హౌస్
చావుల దాకా తీసుకెళ్లొద్దు. నేను చెప్పింది రెండున్నర కిలోలు. మీకు తెలియని ఇంకో వైపు చెప్తా వినండి. నా దగ్గర ఒక కుర్రాడిని వాళ్ల నాన్న బరువు తగ్గించనివ్వలేదు. పైవిభాగంలో దిగాడు, ఎదుటివాడు తల మీద రెండు తన్నులు తన్నాడు, మొదటి రౌండ్‌లోనే అయిపోయింది. ఆ నాన్న అందరి ముందూ నన్ను నిలదీసి, నెల తిరక్కుండా వేరే చోట చేర్పించాడు. గెలిస్తే పిల్లాడి ప్రతిభ, ఓడితే మాస్టర్ తప్పు. మీకు పళ్లెం లెక్కలు, మాకు తిట్లు.

మాజీ ఫైటర్
తిట్లు మీకు, ఆకలి పిల్లలకి. నేను చిన్నప్పుడు ఆడేదాన్ని. మా మాస్టర్ వారం వారం అందరినీ వరసలో నిలబెట్టి బరువులు గట్టిగా చదివేవాడు. ఎక్కువొస్తే "ఏం తిన్నావే ఇంత" అని అడిగేవాడు. ఆయన నవ్వితే అందరూ నవ్వేవాళ్లు. కాటా ఎక్కే ముందు రోజు నేను ఏమీ తినేదాన్ని కాదు, ఇంట్లో తిన్నానని చెప్పేదాన్ని. పతకాలు వచ్చాయి. అన్నం చూస్తే భయం కూడా వచ్చింది, అది చాలా ఏళ్లు పోలేదు.

రౌండ్‌హౌస్
నేనలా చేయను. అందరు మాస్టర్లనీ ఒకే గాటన కట్టకండి.

డోజాంగ్ బయట అమ్మ
గొడవ పడకండి, ఒక విషయం రాయలేదు. ఇప్పుడు చెప్తాను. నిన్న ప్రాక్టీసు నుంచి వచ్చి వంటింట్లో తడిగుడ్డతో పెదాలు అద్దుకుంటోంది. నీళ్లు తాగవే అంటే "మింగితే బరువు వస్తుందమ్మా, నోరు తడిస్తే చాలు" అంది. నాలుక తెల్లగా పూత పట్టి ఉంది. తనకి మూడు నెలలుగా నెలసరి రావడం లేదు. మాస్టర్‌కి చెప్పమంటే ఏడ్చింది, టీమ్‌లోంచి తీసేస్తారని.

పళ్లెం లెక్క
అమ్మా, ఇప్పుడు 49 సంగతి వదిలేయండి. నీళ్లు తాగించండి, ఈ వారమే డాక్టర్‌కి చూపించండి. మూడు నెలలు నెలసరి ఆగిందంటే తినేది ఒంటికి చాలడం లేదేమో చూడాలి, వేరే కారణాలు కూడా ఉండొచ్చు. లోటు అలాగే కొనసాగితే ఎముకలు బలహీనపడతాయి. ఎముక గట్టిపడే వయసిది, రోజుకి 1300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రక్తంలో ఐరన్ కూడా చూడమని అడగండి.

రౌండ్‌హౌస్
నెలసరి మాట ముందే రాస్తే నేను ఆ సలహా ఇచ్చేవాడినా? మాస్టర్‌కి చెప్పకుండా దాస్తే ఆయనకెలా తెలుస్తుంది?

మాజీ ఫైటర్
టీమ్‌లో చోటు ఆయన చేతిలో ఉన్నప్పుడు పదిహేనేళ్ల పిల్ల ఆయనకెలా చెప్తుంది? మీరు బరువు గురించి మాట్లాడుతున్నారు, నేను వద్దనే హక్కు గురించి మాట్లాడుతున్నా. మీ క్లాసులో ఒక పిల్ల "నేను తగ్గను సార్" అంటే తర్వాతి టోర్నమెంట్‌కి తీసుకెళ్తారా?

రౌండ్‌హౌస్
తీసుకెళ్తాను. కానీ గెలుస్తుందని మాట ఇవ్వను. బరువు విభాగం నిర్ణయించేది కోచే. అది కూడా తల్లిదండ్రులకి వదిలేస్తే ఇక మేమెందుకు?

మాజీ ఫైటర్
తన్నడం నేర్పడానికి.

డోజాంగ్ బయట అమ్మ
సోమవారం డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మాస్టర్‌కి ఫోన్ చేసి, డాక్టర్ సరేనంటే 52లోనే ఆడుతుంది, లేకపోతే ఈసారి ఆడదు అని చెప్పాను. "మీ ఇష్టం" అని పెట్టేశారు. ఆడనిస్తే బరువు చూసే రోజు పొద్దున ఏం పెట్టాలో చెప్పండి. తను భయంతో ఏదీ ముట్టుకోవడం లేదు.

పళ్లెం లెక్క
రోజూ తినేదే పెట్టండి, ఆ రోజు కొత్తవేవీ వద్దు. బరువు చూసేది పొద్దున్నే అయితే అది అవ్వగానే తినడానికి అన్నమో రొట్టో, గుడ్డు, పండు డబ్బాలో పట్టుకెళ్లండి. నూనె, పీచు ఎక్కువ ఉన్నవి ఆ పూటకి వద్దు. నీళ్ల సీసా తన చేతికే ఇవ్వండి.