అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) గోడకి ఇన్‌ఫ్లమేషన్ (వాపు), దానివల్ల ఎన్యూరిజమ్ (గోడ ఉబ్బడం): అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

నీటిచుక్క: అమ్మకి 67 ఏళ్లు. బీపీ అదుపులోనే ఉంది, కొలెస్టరాల్ పెద్దగా లేదు. కొన్ని నెలలుగా నీరసం, సన్నజ్వరం, బరువు తగ్గడం. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ బాగా ఎక్కువ. సీటీ స్కాన్‌లో అయోర్టా పైభాగం 4.8 సెం.మీ.కి ఉబ్బింది, గోడ మందంగా ఉందన్నారు. అయోర్టైటిస్ (అయోర్టా గోడకి ఇన్‌ఫ్లమేషన్) కావచ్చు, రుమటాలజిస్టుని కలవమన్నారు. రక్తనాళం జబ్బుకి కీళ్ల డాక్టరెందుకో అర్థంకాక టెన్షన్‌గా ఉంది.

పాతకాపు: సరైన చోటికే పంపారండీ, రోగనిరోధక వ్యవస్థ తేడా చేసే జబ్బులు చూసేదీ రుమటాలజిస్టులే. ఎన్యూరిజమ్ అంటే మామూలుగా బీపీ, సిగరెట్లు, వంశపారంపర్యం చూస్తారు. అరుదుగా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే అయోర్టా గోడ మీద పడి, అందులోని సాగే పొరల్ని తినేస్తుంది. బలం పోయిన గోడ ఉబ్బుతుంది. 50 దాటినవాళ్లలో జెయింట్ సెల్ ఆర్టరైటిస్, 40 లోపు ఆడవాళ్లలో తకయాసు ముందుగా అనుమానిస్తారు, రెండూ పెద్ద రక్తనాళాల గోడకి ఇన్‌ఫ్లమేషన్ వచ్చే జబ్బులే. అమ్మగారికి కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉన్నాయా?

గాలిపటం: నాది తకయాసు. చేతికెళ్లే రక్తనాళం సన్నబడి ఎడమచేతికి బీపీ అందకపోతే నర్సు మిషన్ పాడైందని బ్యాటరీ మార్చింది! కుడిచేతికి చూస్తే చాలా ఎక్కువ. బట్టలు ఆరేయడానికి చెయ్యెత్తితే లాగేసేది. అమ్మగారికి రెండు చేతులకీ చూడమనండి. ఇంకోటి, ఈఎస్‌ఆర్ నార్మల్ అయితే జబ్బు సద్దుమణిగినట్టే అనుకోకండి. నాకు అది నార్మల్‌గా ఉన్నప్పుడే ఎంఆర్ఐలో కొత్తచోట గోడ మందమైంది.

నీటిచుక్క: నమిలితే దవడ నొప్పి ఉందండీ. పన్ను నొప్పేమోనని డెంటిస్టుకి కూడా చూపించాం.

పాతకాపు: అయితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఈరోజే ఫోన్ చేయండి. జెయింట్ సెల్ ఆర్టరైటిస్‌లో చూపు పోతే తిరిగి రావడం కష్టం. అనుమానం గట్టిగా ఉంటే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) దాకా ఆగకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతారు.

తూర్పుగాలి: నిజమే, కానీ బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) గురించి కూడా అడగండి. మా బాబాయికి ఇలాంటి జ్వరమే, తీరా చూస్తే అయోర్టా గోడకి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్. ఇన్‌ఫెక్షన్‌కి యాంటీబయాటిక్స్, చాలాసార్లు ఆపరేషన్ కావాలి. స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే అది ముదురుతుంది. సిఫిలిస్ టెస్టు రాస్తే నొచ్చుకోకండి, అదీ ఒక కారణమే.

నీటిచుక్క: ఫోన్ చేశాం, వెంటనే రమ్మన్నారు. మరి ఆపరేషన్ మాటేమిటి?

గాలిపటం: సైజొక్కటే చూడరు, ఎంత వేగంగా పెరుగుతోందో కూడా చూస్తారు. వీలుంటే ముందు ఇన్‌ఫ్లమేషన్ తగ్గించి చేస్తారు, లేకపోతే కుట్లు పట్టుకోక ఇబ్బంది. ఒకవేళ చేస్తే తీసిన ముక్కని కారణం తేల్చడానికి పాథాలజీ ల్యాబ్‌కి తప్పకుండా పంపమనండి. స్టెరాయిడ్ మొదలయ్యాక మాత్రం ఒళ్లు తేలికపడింది కదా అని సొంతంగా ఆపనివ్వకండి.

తూర్పుగాలి: ఎన్యూరిజమ్ ఉందని ప్రతి డాక్టరుకీ చెప్పండి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వీళ్లకి వీలైనంతవరకు వద్దని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.