మాడ్రిడ్‌లో పంచాంగమా, పంచమాంగమా?

పాతకాగితం: తాతగారి పెట్టెలో చిన్నప్పుడు చదివిన ఒక వాక్యం బుర్ర తినేస్తోంది. స్పెయిన్ అంతర్యుద్ధం మీద వ్యాసం. "నాలుగు దళములు వెలుపల, పంచాంగ దళము లోపల". ఇలాగే ఏదో ఉంది. మధ్యలో 'మ' ఉండాలా?

సున్నుండ: ఉండాలి. పంచమాంగ దళం, అంటే ఊరి లోపలే ఉండి బయటి శత్రువుకి సాయపడేవాళ్లు, ఇంగ్లీషు 'ఫిఫ్త్ కాలమ్'. ఆ 'మ'ని కంపోజిటర్ మింగేశాడు. లేకపోతే మాడ్రిడ్‌లో ముహూర్తాలు పెట్టేవాళ్లని అర్థం!

గోదారిగట్టు: ముహూర్తం కుదరలేదు కూడా. 1936 నవంబరులో రేపోమాపో పడుతుందన్న ఊరు. రిపబ్లిక్ ప్రభుత్వమే వెలెన్సియాకి తరలిపోయింది. తీరా పడింది 1939 మార్చి 28న. ఆ మాట అన్నాడంటున్న తిరుగుబాటు పక్షం జనరల్ మోలా అప్పటికి విమానప్రమాదంలో పోయి రెండేళ్లు కావస్తోంది.

సున్నుండ: మోలాయే అన్నాడని గట్టిగా చెప్పలేం. 1936 అక్టోబరులో ఆ మాటని ప్రచారంలో పెట్టింది అవతలి పక్షం, రిపబ్లిక్ వాళ్లు.

తుమ్మచెట్టు: దళాన్ని స్పానిష్‌లో 'కొలుమ్నా' అంటారు. స్తంభం కూడా అదే. 'ఐదో స్తంభం' అంటే పోయేదిగా?

గోదారిగట్టు: వద్దు మహాప్రభో, నాలుగోది పత్రికలవాళ్లు ఎప్పుడో పట్టుకుపోయారు.

సున్నుండ: రథ గజ తురగ పదాతుల తర్వాత ఐదో అంగం. భారతం నమిలినవాడి పనే ఇది. కాకపోతే అంగం అన్నాక మళ్లీ దళం దండగ.

తుమ్మచెట్టు: హిందీ 'పంచమాంగీ' నుంచి వచ్చిందేమో.

సున్నుండ: వాళ్లే మన దగ్గర తీసుకోలేదని రుజువేంటి?

రేగడి: 'అంగం' ఎందుకు దూరిందో నా ఊహ చెప్తాను. ఉత్త 'పంచమ దళం' అంటే ఆ రోజుల్లో మన దగ్గర వినబడేది వేరు, అంటరానివాళ్లని పంచములనేవారు కదా. 1917 బెజవాడ సభలోనే భాగ్యరెడ్డి వర్మ ఆ పేరు వద్దని 'ఆది ఆంధ్ర' అనిపించారు. తర్వాత ఇరవై ఏళ్లకి ద్రోహులకి అదే పేరు తగిలిస్తే ఎలా? జాషువా హైందవ నాగరాజుకి పెట్టింది నాలుగు పడగలే. ఐదోవాడు కాటు తిన్నవాడు.

గోదారిగట్టు: ఆహా, గబ్బిలం! గుడిలోకి ఆ ఐదోవాడికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. తన గోడు పూజారి లేనప్పుడు శివుడి చెవిలో వేయమంటాడు. లోపలి మనిషంటే అదీ.

తుమ్మచెట్టు: జాషువాని గూఢచారుల్లో కలిపేశారా!

రేగడి: సరదా సరే. లోపల శత్రువులున్నారన్న భయంతోనే మాడ్రిడ్ జైళ్ల నుంచి ఖైదీలని తీసుకెళ్లి పరకుయెల్యోస్ దగ్గర కాల్చేశారు. రెండు వేల మందికి పైనే.

సున్నుండ: చివరికి సొంత ప్రభుత్వం మీద తిరగబడింది రిపబ్లిక్ కల్నలే, కసాదో. ఇంటిగుట్టు లంకకు చేటు. ఈ సామెతుండగా అంగాలెందుకసలు?

తుమ్మచెట్టు: కసాదో గుట్టు చెప్పలేదు, తిరుగుబాటు చేశాడు. సామెత అతకదు.

సున్నుండ: విభీషణుడు మాత్రం గుట్టు ఒక్కటే చెప్పి ఊరుకున్నాడా?

పాతకాగితం: అన్నయ్యకి ఫోన్ చేశాను. పెట్టె ఉందిట, కాగితాలు పాతసామాన్లవాడికి వేసేశారట. నాకైతే 'మ' లేనట్టే గుర్తు.