గుట్ట, చెలక, ఆయకట్టు: అడవి పందులకు ఏ నేలలో ఏ తుపాకి?

ప్రశ్న (చందంపేట నుంచి)

అందరికీ నమస్తే. మా దిక్కు పల్లి, మొక్కజొన్న చేన్లను అడవి పందులు తవ్విపోస్తున్నయ్. అటవీ శాఖ అనుమతితో పందులను కాల్చే షూటర్ల జాబితాకు దరఖాస్తు పెట్టిన. లైసెన్సు మీద పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ (ఛర్రాలు కాల్చే జంట గొట్టాల తుపాకి) ఉంది. రెండో ఆయుధంగా రైఫిల్ తీసుకుందామని ఆలోచన. ఇక్కడ బండలు, గుట్టలు ఎక్కువ. డిండి వాగు పొడుగునా సర్కారు తుమ్మ. పిలిస్తే మిర్యాలగూడ దిక్కు వరి పొలాలకు కూడా పోవాల్సి వస్తది. .315 తీసుకోవాల్నా, .30-06 తీసుకోవాల్నా (రెండూ రైఫిల్ బోర్, అంటే గొట్టం కొలతల పేర్లు)? స్కోప్ ఎంతది పెట్టాలె?

జవాబు (అచ్చంపేట నుంచి)

తమ్ముడూ, బోర్ సంగతి తర్వాత. గుండు పందిని దాటినంక ఎక్కడ ఆగుతది? తుపాకి ఎంపిక అక్కడ మొదలుపెట్టు. .30-06 గుండు ఎత్తుగా వదిలితే నాలుగైదు కిలోమీటర్లు పోగలదు. చిన్నది అనుకునే .22 కూడా కిలోమీటరున్నర పోతది, పైగా పందికి అది సరిపోదు, గాయం చేసి వదిలేస్తది. పన్నెండు బోర్ ఎల్‌జీ గుండ్లు (ఒక్క తూటాలోంచి చెదిరే పెద్ద ఛర్రాలు) మాత్రం సుమారు ఏడు వందల మీటర్లలో పడిపోతయ్. మన ఊర్లల్ల ఆ దూరం దాటితే ఏదో ఒక తండానో, రాత్రి మోటరు పెట్టడానికి వచ్చిన రైతో ఉంటడు.

వరి ఆయకట్టు చదును నేల. చూడ్డానికి సులువు, కాల్చడానికి అన్నిటికంటే ప్రమాదం. లెక్క చూడు. పంది 40 మీటర్ల దూరంలో ఉంది, గుండు దాని ఒంట్ల నుంచి నేలకు అర మీటరు ఎత్తున దాటింది అనుకో. నువ్వు ఒడ్డు మీద కూర్చొని 0.9 మీటర్ల ఎత్తు నుంచి కాలిస్తే ఆ గుండు పంది వెనక ఇంకో 50 మీటర్లు పోయినంకనే నేలను తాకుతది. నిలబడి 1.5 మీటర్ల నుంచి కాలిస్తే 20 మీటర్లు. 4 మీటర్ల మంచె మీది నుంచి అయితే ఆరు మీటర్ల లోపే. అట్ల పడుకున్నట్టు వచ్చి నీళ్ల మడిని తాకిన గుండు మునగదు, ఎగిరి ముందుకు పోతది. అందుకే ఆయకట్టులో మంచె లేకుండా రైఫిల్ వద్దు. మంచెను పందులు వచ్చే బాటకు 20, 25 మీటర్లలో కట్టించు. కోణం ఇంకా నిటారుగా వస్తది, నీ దగ్గరున్న పన్నెండు బోరే పని చేస్తది.

గుట్టల దగ్గర కథ వేరు. వెనక మట్టి గట్టు ఉంటే రైఫిల్‌కు అంతకంటే మంచి జాగా లేదు. కానీ మన గుట్టలు నల్లరాయి పరుపు బండలు. బండకు తగిలిన గుండు ఏ దిక్కు మళ్లుతదో చెప్పలేం. శిఖరం గీత మీద పంది నిలబడి ఉంటే వెనక ఆకాశమే, అప్పుడు కాల్చొద్దు. పగలే పోయి మంచె మీద కూర్చొని చూసుకో: ఎక్కడి నుంచి ఎక్కడి వరకు వెనక మట్టి ఉంది, ఎక్కడ బండ ఉంది. ఆ హద్దులకు రెండు కర్రలు పాతి, వాటి నడుమ తప్ప ట్రిగ్గర్ ముట్టొద్దు.

జవాబు (హాలియా నుంచి)

తుమ్మ కంప గురించి నేను చెప్త. బరువు గుండు అయితే కొమ్మలను తెంపుకుంటూ పోతదని చాలామంది నమ్ముతరు. పోదు. వేలంత కొమ్మ తగిలినా ఏ గుండు అయినా దారి తప్పుతది. పంది ఛాతీకి తగలాల్సింది పొట్టకు తగులుతది. కంపలో పంది పది, పదిహేను మీటర్లలోనే లేస్తది కాబట్టి రైఫిల్‌ను తిప్పేలోపే అది పోతది. అక్కడ డబుల్ బ్యారెల్ మేలు. కంప లోపలికి దూరకుండా, పందులు కంప నుంచి చేనులోకి దిగే దారి దగ్గర ఉండు.

ఎల్‌జీ తూటా 20, 25 మీటర్ల దాకే. చోక్ (గొట్టం మూతి దగ్గర ఉండే ఇరుకు) లేని బ్యారెల్ నుంచి 30 మీటర్ల దగ్గర గుండ్లు సుమారు 80 సెంటీమీటర్ల వెడల్పున చెదురుతయ్. పంది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 20, 25 సెంటీమీటర్లే. మరి ఎన్ని తగులుతయ్? చోక్ ఉన్న బ్యారెల్‌తో కొంచెం దగ్గరగా పడతయ్. ఒంటి గుండు తూటాను ఫుల్ చోక్‌లో వాడొచ్చో లేదో డబ్బా మీద చూసినంకనే పెట్టు. నీ రెండు బ్యారెళ్లకు వేర్వేరు చోక్‌లు ఉండే అవకాశం ఎక్కువ, ఏది ఏదో ముందే తెలుసుకో. ఒక అట్టపెట్టె మీద 15, 20, 25 మీటర్ల నుంచి ఒక్కో తూటా కాల్చి రంధ్రాలు లెక్కపెట్టు. ఇది రేంజ్‌లో చేయాలె, చేను దగ్గర కాదు.

జవాబు (అచ్చంపేట నుంచి)

ఇప్పుడు రైఫిల్ సంగతి. చందంపేట గుట్టల వారకు .315 చాలు. గుండు బరువు 244 గ్రెయిన్లు (సుమారు 16 గ్రాములు), వేగం తక్కువ. 100 మీటర్ల లోపు పందికి ఎక్కువే. 50 మీటర్లకు గురి సరిచేస్తే 100 దగ్గర సుమారు ఆరేడు సెంటీమీటర్లు కింద పడతది, దాన్ని సర్దుకోవచ్చు. .30-06 బలం 200 మీటర్లు దాటే జాగాలకు. మన దగ్గర అంత దూరం వెనక ఏముందో రాత్రి పూట కనబడదు, కాబట్టి ఆ బలానికి పని లేదు. ఆయుధం కూడా ఊరికే పెరగదు: ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక లైసెన్సుదారు దగ్గర మామూలుగా రెండే ఉండాలె. ఈ రెండోది జాగ్రత్తగా ఎంచుకో.

స్కోప్ పెద్దది పెట్టకు. తెల్లవారుజామున వెలుగే ముఖ్యం. ముందు అద్దం మిల్లీమీటర్లను పెంపుతో (ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తదో దాంతో) భాగించు: 40ని 10తో అయితే కంటికి 4 మిల్లీమీటర్ల వెలుగే వస్తది, 6తో అయితే సుమారు 6.7. 2 నుంచి 7 రెట్ల స్కోప్ సరిపోతది, మంచె మీద 2 లేదా 3 మీదనే ఉంచు. అయితే .315 ఓపెన్ సైట్ మీద వచ్చే రైఫిల్. స్కోప్ కావాలంటే దాన్ని బిగించే మౌంట్‌ను లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గర వేయించాలె. మౌంట్ స్క్రూ వదులైతే గురి రోజుకో దిక్కు పోతది, మనం తూటాను తిడతం. స్కోప్ గురి జరిపే మీట ఒక్కో మెట్టును క్లిక్ అంటరు, డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని మినిట్ అంటరు. క్లిక్ పావు మినిట్‌ది అయితే 50 మీటర్ల దగ్గర ఒక్కో క్లిక్‌కు 3.6 మిల్లీమీటర్లు జరుగుతది. 5 సెంటీమీటర్ల తేడాకు 14 క్లిక్‌లు. మూడు తూటాలు కాల్చి, వాటి నడిమి చోటు చూసి తిప్పు. ఒక్క తూటా చూసి తిప్పొద్దు.

జవాబు (వనపర్తి నుంచి)

కాగితాల విషయం కూడా రాస్తున్నా, ఇది లేకుండా పైవన్నీ నేరమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది. అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు ప్రమాదం అని సెక్షన్ 11(1)(బి) కింద రాతపూర్వక ఉత్తర్వు వస్తేనే, అందులో రాసిన చోట, రాసిన గడువులోనే కాల్చాలి. లైసెన్సు ఉన్నంత మాత్రాన అది అనుమతి కాదు. చచ్చిన పంది సెక్షన్ 39 ప్రకారం ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకోవడం కుదరదు. గాయపడ్డది అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దు దాటితే వెంట పోకుండా వెంటనే అటవీ బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. రైతులు కరెంటు తీగ పెట్టిన చేనులోకి రాత్రి అడుగు పెట్టకండి. ముందే అడిగి, తీయించాకే వెళ్లండి.

ప్రశ్న (చందంపేట నుంచి)

అయితే .315 తీసుకుంట, ఆయకట్టుకు, కంపకు డబుల్ బ్యారెల్ వాడుత. పందిని ఎక్కడ కొట్టాలె? ఇంట్ల పాత తూటాలు ఉన్నయ్, పనికొస్తయా?

జవాబు (హాలియా నుంచి)

పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు, ముందు కాలు వెనకంచున, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. పంది గుండె మనం అనుకున్నదానికంటే కిందికి, ముందుకు ఉంటది. ముదురు మగపందికి భుజం మీద గట్టి చర్మం కవచం లెక్క ఉంటది, అందుకే ఎదురుగా వచ్చేదాని మీద ఎల్‌జీ వద్దు.

తూటా అడుగున పచ్చ మరక ఉన్నా, పెంకు ఉబ్బినా, పన్నెండు బోర్ కాగితం తూటా చెమ్మకు లావై చాంబర్‌లో ఇరుకుగా పోతున్నా పక్కన పెట్టు. ట్రిగ్గర్ నొక్కినంక పేలకపోతే తెరవకు. 30 సెకన్లు బ్యారెల్‌ను మట్టి దిక్కే పట్టుకో, ఆలస్యంగా పేలొచ్చు. "టుప్" అని చిన్నగా మోగితే రెండో తూటా అస్సలు పెట్టకు. తుపాకి ఖాళీ చేసి బ్యారెల్ లోపల ఏదైనా ఇరుక్కుందా అని వెలుగులో చూసినంకనే మళ్లా వాడు.