అగ్రిమెంట్ అయ్యేలోపే ఖాళీ చేస్తే అడ్వాన్సు మొత్తం పట్టేసుకోవచ్చా? (తిరుపతి)

ఇల్లుమారినోళ్లు:
నమస్తే అందరికీ. ఎం.ఆర్.పల్లిలో ఫస్ట్ ఫ్లోర్ డబుల్ బెడ్రూమ్, బాడుగ 12,000, అడ్వాన్సు మూడు నెలలది 36,000 ఇచ్చినాం. జూన్ 1 నుంచి 11 నెలల అగ్రిమెంట్. మా ఆయనకి ఉన్నట్టుండి చెన్నైకి ట్రాన్స్‌ఫర్ అయితే నవంబర్ 1నే ఓనర్‌కి వాట్సాప్‌లో చెప్పేసి, నవంబర్ బాడుగ కూడా కట్టి, 30వ తేదీ తాళాలు చేతికిచ్చినాం, తీసుకున్నాడు, ఏమీ అనలేదు. ఇప్పుడు అడ్వాన్సు అడిగితే రెండు నెలల నోటీస్ ఇవ్వలేదు, 11 నెలల లోపు పోతే అడ్వాన్సు వాపసు లేదని అగ్రిమెంట్‌లో ఉండాది చూసుకోండి, పైగా మిగతా 5 నెలల బాడుగ 60,000, పెయింటింగ్‌కి 15,000 మీరే ఇయ్యాల అంటాడు. పక్కింటి ఆంటీ ఏమో డిసెంబర్ 14కే కొత్తోళ్లు పాలు పొంగించినారు, బాడుగ 13,500 అంట అని చెప్పింది. అంటే ఒకే ఇంటికి రెండు బాడుగలా?

కొర్లగుంట_కుర్రోడు:
తిరుపతిలో పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల బాడుగ పట్టుకోనిదెవురు అక్కా. మా ఫ్రెండ్‌కి అయితే గోడకి మేకు కొట్టినందుకు కూడా కట్ చేసినారు. అయినా 60,000 మాత్రం మరీ ఘోరం. బెదిరింపు అంతే, పట్టించుకోవద్దు.

కోర్టుపక్షి:
పట్టించుకోవాల, కానీ భయపడాల్సిన పని లేదు మేడం. అగ్రిమెంట్‌లో రాసింది కదా అని మొత్తం లాగేసుకోవడం కుదరదు. కాంట్రాక్ట్ చట్టం 1872లో సెక్షన్ 74 ఏమంటాదంటే, పెనాల్టీ ఇంత అని రాసుకున్నా సరే, దానికి మించకుండా న్యాయమైన నష్టపరిహారం వరకే ఇప్పిస్తారు. 2015లో కైలాష్ నాథ్ వర్సెస్ డీడీఏ (ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ) కేసులో సుప్రీంకోర్టు కూడా అసలు నష్టమే లేకుంటే డిపాజిట్ జప్తు చెయ్యడం కుదరదనింది. ఇక 5 నెలల బాడుగ సంగతి. తాళాలు తీసుకుని ఇంకొకరిని దించినాక మీ లీజు అక్కడితో అయిపోయినట్టే, ఆ తర్వాత బాడుగ మిమ్మల్ని అడగడానికి ఏం లేదు. ఆయనకి నిజంగా పోయింది డిసెంబర్‌లో ఓ రెండు వారాలు. నోటీస్ ఒక నెల తక్కువైంది కాబట్టి గట్టిగా పట్టుబడితే 12,000 అనొచ్చు. నేనైతే అది ఒప్పేసుకుని 24,000 అడుగుతా.

రెండుపోర్షన్ల_ఓనర్:
అందరూ ఓనర్లనే అంటారు గానీ నాకూ రెండు పోర్షన్లు ఉండాయి కాబట్టి చెప్తా. డిసెంబర్‌లో ఖాళీ అయితే మాకెంత టెన్షనో తెలుసా, 16 అట్లా ధనుర్మాసం పట్టిందంటే సంక్రాంతి దాకా ఒక్కరు కూడా ఇల్లు మారరు. ఈయనకి రెండు రోజుల ముందు దొరికినారు, అదృష్టం. లేకుంటే నెలన్నర బాడుగ పోయేదే. సైన్ పెట్టేటప్పుడు చదువుకోవాల గదా. కానీ ఆ 60,000 అయితే నేనూ అడగను, అది అన్యాయం.

కోర్టుపక్షి:
సార్, పోయేదే వేరు, పోయింది వేరు. దొరక్కుండా ఉంటే అప్పుడు లెక్క వేరేగా ఉండేది, ఒప్పుకుంటా. పెయింటింగ్ విషయానికొస్తే ఆరు నెలలు కాపురమున్న ఇంట్లో మామూలు మరకలకి 15,000 ఏంది, పగలగొట్టినవో పాడు చేసినవో ఉంటే బిల్లు చూపించి అడగమనండి.

ఇల్లుమారినోళ్లు:
చాలా థాంక్స్ అండి. ఖాళీ చేసేటప్పుడు రూములన్నీ వీడియో తీసి పెట్టుకున్నాం, కరెంట్ బిల్లు కట్టిన రసీదు కూడా ఉంది. నిన్న ఫోన్ చేసి 10,000 ఇస్తా, వచ్చి ఒక పేపర్ మీద సంతకం పెట్టిపోండి అన్నాడు. 36,000లో 10,000! దీనికోసం చెన్నై నుంచి కోర్టుకి తిరగాలంటే మాత్రం మా వల్ల కాదు.

కోర్టుపక్షి:
కేసు దాకా ఎందుకు. ముందు లెక్కంతా రాసి, 15 రోజుల్లో ఇవ్వమని స్పీడ్ పోస్ట్‌లో లెటర్ పంపండి, అదే వాట్సాప్‌లో కూడా పెట్టండి. కదలకపోతే లీగల్ సర్వీసెస్ (ఉచిత న్యాయ సహాయం ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల దగ్గర ప్రీ లిటిగేషన్ అర్జీ, అంటే కేసు వెయ్యకముందే పెట్టే అర్జీ, పెడితే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో మాట్లాడిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. అర్జీ మీ పేరుతో పెట్టండి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి పోవాలో చెప్తారు. డబ్బు రాబట్టుకోడానికి మూడేళ్ల టైం ఉంది, తొందరేం లేదు. ఆ పేపర్ ఫొటో ముందు వాట్సాప్‌లో పంపమనండి. అందులో 'ఇక నాకు రావాల్సింది ఏమీ లేదు' అని ఉంటే మాత్రం 10,000 కోసం సంతకం పెట్టొద్దు.